వాగ్దాన వచనమా, పూర్తి అధ్యాయమా?

జనవరి 1 తెల్లవారేసరికి హైదరాబాద్ క్రైస్తవ సంఘాల్లో చాలామంది చేతిలో, ఒక బైబిల్ వచనం అచ్చయిన వాగ్దాన కార్డు ఉంటుంది. మెట్రోలో నిలబడి చదువుకోవడానికి, ఆసుపత్రి వరండాలో గుండె చిక్కబట్టుకోవడానికి ఆ ఒక్క వచనం చాలు. దాన్ని తేలిగ్గా తీసిపారేయలేం.

పూర్తి అధ్యాయం అంత సులువుగా లొంగదు. కార్డుల మీద తరచూ కనిపించే యిర్మీయా గ్రంథం 29వ అధ్యాయం 11వ వచనాన్నే తీసుకోండి. దేవుడు మేలు తలపెట్టాడన్న మాట చాలామందికి కంఠస్థం. దానికి పైనున్న 10వ వచనంలోనే 70 సంవత్సరాల గడువు ఉంది. ఆ మాటలున్నది బబులోనుకు (బాబిలోన్‌కు) చెరగా వెళ్లిన యూదులకు రాసిన ఉత్తరంలో. అక్కడే ఇళ్లు కట్టుకోండి, తోటలు నాటుకోండి, ఆ పట్టణ క్షేమం కోసం ప్రార్థించండి అంటుంది. వీసా ఇంటర్వ్యూకు వెళ్తున్న యువకుడికి ఇది రుచించకపోవచ్చు. ఉద్యోగం పోయి ఏడాదిగా ఎదురుచూస్తున్నవారికి మాత్రం కార్డుకంటే ఇదే నమ్మదగినదిగా తోస్తుంది.

కార్డుల్లోకి ఎక్కనివీ ఉన్నాయి. 88వ కీర్తన చీకటిలోనే ముగుస్తుంది. 137వ కీర్తన చివర పసిపిల్లలను బండకు కొట్టాలన్న కోపం భయపెడుతుంది. వీటికి ఏ సంఘ కాపరి (పాస్టర్) అయినా చప్పున జవాబు చెబితే నాకు అనుమానమే.

సమయం విషయంలో కార్డుదే పైచేయి. పొద్దున్నే ఆఫీసు క్యాబ్ ఎక్కేవారు వారమంతా వచనం పెట్టుకుని, ఆదివారం మధ్యాహ్నం దాని చుట్టూ ఉన్న అధ్యాయాన్ని ఇద్దరు ముగ్గురితో కలిసి చదవడం మేలు. ఒంటరిగా అయితే కష్టమైన చోట పేజీ తిప్పేస్తాం. పక్కన మనిషి ఉంటే ‘ఇదేమిటి?’ అని అడుగుతారు.