గ్రూపు బర్డ్ వాక్: గైడుకి కనపడ్డవెన్ని, మీకు కనపడ్డవెన్ని?

పార్కుల్లో, చెరువు గట్ల మీద పిట్టల్ని చూస్తూ గైడు వెంట గుంపుగా నడిచే బర్డ్ వాక్ బాగుందా లేదా అని అడిగితే చాలామంది ఒక అంకె చెప్తారు. నలభై జాతులు తగిలాయంటే బ్రహ్మాండం, పదిహేనే అంటే దండగ. ఆ నలభైలో గైడు చూసినవెన్ని, గుంపు చివర నిలబడ్డ మనిషి చూసినవెన్ని అని ఎవరూ అడగరు. ఈ రెండు అంకెలకీ పొంతన కుదరని వాక్‌లు బోలెడు. ఇక్కడ మార్కులు వేస్తున్నది ఆ చివరి మనిషి వైపు నుంచి.

వాక్‌కి పేరు ఇచ్చే ముందే తేల్చుకోవాల్సింది గుంపు ఎంత పెద్దదని. ఒక గైడుకి ఎనిమిది నుంచి పన్నెండు మంది హాయి. పదిహేను దాటితే సన్నటి బాట మీద వరస బారుగా సాగుతుంది. ముందువాళ్ల అడుగుల చప్పుడుకి లేచిపోయిన పిట్ట వెనకవాళ్లకి తోక కూడా చూపించదు. పాతిక మందిని తీసుకెళ్తుంటే వెనక రెండో గైడు ఉండి తీరాలి. ఒక్కడే ముప్పై మందిని తిప్పుతానంటే అది మంచి వ్యాయామం, అంతే.

ఇక గైడు. పేర్లు ఎన్ని తెలుసన్నది రెండో సంగతి, చూపించడం వచ్చా అన్నది మొదటిది. "అదిగో, ఆ ఆకుల్లో, ఎగిరిపోయింది" అనేవాడు ఎంత పండితుడైనా వెంట వచ్చినవాళ్లకి ఒరిగేదేమీ లేదు. పని తెలిసిన గైడు ముందు చెట్టేదో అందరికీ తెలిసేలా చెప్తాడు. తర్వాత ఆ చెట్టు కొమ్మల గుబురుని గడియారం ముఖం అనుకోమంటాడు: పైకొన పన్నెండు, కుడి అంచు మూడు. "ఎండుకొమ్మ చీలింది చూడండి, రెండు గంటల దగ్గర, అంచు నుంచి లోపలికి మూరెడు" అంటే కొత్తవాళ్లకి కూడా దొరుకుతుంది. అప్పుడైనా పేరు వెంటనే చెప్పడు. పిచ్చుకంత ఉందా, కాకంత ఉందా, ముక్కు సన్నమా మొద్దా, తోక ఊపుతోందా అని అడుగుతాడు. "ఇంకా ఎవరికి కనపడలేదు?" అని ఆగుతాడు. ఈ ఒక్క ప్రశ్న అడగని వాక్‌కి సగం మార్కులు కోసేయొచ్చు. కొందరు ఆకుపచ్చ లేజర్ వాడతారు. చుక్క పిట్టకి బాగా కింద, మొదలు మీదో కొమ్మ మీదో పడాలి. పిట్ట మీద వేసేవాడితో మళ్లీ వెళ్లకండి.

తప్పు ప్రతిసారీ గైడుదే కాదు. కొత్తవాళ్లకి పిట్ట దొరక్కపోవడానికి పెద్ద కారణం మెడలో ఉన్న బైనాక్యులర్. నిర్వాహకులు అరువిచ్చేవాటిని అంతకుముందు వాడినవాడు తన కళ్లకి సరిపెట్టుకుని ఉంటాడు. మీవి మీరు సర్దుకోండి, రెండు నిమిషాల పని. ముందు రెండు గొట్టాల మధ్య మడత కదిపి, రెండు వలయాలు ఒకే వలయంగా కలిసేదాకా తేవాలి. కళ్లజోడు ఉంటే కంటి దగ్గరి రబ్బరు కప్పులు లోపలికి తిప్పాలి, లేకపోతే బయటికి. తర్వాత కుడి గొట్టం ముందు అరచెయ్యి అడ్డం పెట్టి, దూరంగా ఉన్న బోర్డు మీది అక్షరాలు ఎడమ కంటికి స్పష్టపడేదాకా మధ్య చక్రం తిప్పాలి. ఇప్పుడు ఎడమ గొట్టం మూసి, చక్రం ముట్టుకోకుండా, కుడి కంటి దగ్గరుండే డయాప్టర్ రింగు (ఆ ఒక్క కంటికే స్పష్టత సర్దేది) మాత్రమే తిప్పి అవే అక్షరాలు తేల్చాలి. ఆ రోజుకి మళ్లీ దాని జోలికి పోనక్కర్లేదు, మధ్య చక్రం ఒక్కటే చాలు. పిట్టని పట్టుకునేటప్పుడు తల వంచి బైనాక్యులర్‌లో వెతకడం అందరూ చేసే పొరపాటు. చూపు పిట్ట మీద నుంచి తియ్యకుండా, బైనాక్యులర్‌నే కళ్ల దగ్గరికి ఎత్తాలి.

కొనాలనుకుంటే 8x42 అడగండి. ఎనిమిది రెట్లు పెద్దది చేస్తుంది, ముందరి అద్దం 42 మిల్లీమీటర్లు. 42ని 8తో భాగిస్తే 5.25, అంటే కంటికి చేరే వెలుతురు వలయం అయిదు మిల్లీమీటర్ల పైన. తెల్లవారు మసక వెలుతురులో అది అక్కరకొస్తుంది. 10x42లో అదే 4.2కి పడిపోతుంది. చేతి వణుకు ఎక్కువ తెలుస్తుంది, కనపడే మేర కూడా సాధారణంగా తగ్గుతుంది. అన్నట్టు, డీట్ ఉన్న దోమల మందు రాసుకున్న చేత్తో వీటిని పట్టుకోకండి, ప్లాస్టిక్కునీ రబ్బరునీ పాడు చేస్తుంది.

వేళ చూసి వాక్ ఎంచుకోండి. పొద్దు పొడిచిన అరగంటలోపు మొదలయ్యేది మేలు. తొమ్మిదింటికి తీరిగ్గా బయల్దేరదీసేవాళ్లకి పాటలు సగం అయిపోయాక పార్కు దొరుకుతుంది. గద్దల కోసమైతే ఆలస్యమే నయం, నేల వేడెక్కి గాలి పైకి లేచాకే అవి చక్కర్లు కొడతాయి. దారి తెలిసిన గైడు ఎండని వీపుకి పెట్టి నడిపిస్తాడు: ఉదయం చెరువుకి తూర్పు గట్టున నిలబెట్టి పడమరకి చూపిస్తాడు. ఎదురెండలో చూస్తే రంగురంగుల బాతు కూడా నల్లటి బొమ్మే. నీటి పిట్టలకి స్పాటింగ్ స్కోపు, అంటే స్టాండు మీద పెట్టి చూసే దుర్భిణి, తెచ్చే గ్రూపు అయితే అదనపు మార్కులు. కాకపోతే ఎండెక్కాక నీటి మీద గాలి తళతళలాడి, స్కోపులో బొమ్మ అలల్లా కదులుతుంది. జోరుగాలి ఉన్న రోజున వాయిదా వేస్తే విసుక్కోకండి, పిట్టలు పొదల్లో దిగి నోరు మెదపవు.

చప్పుడు సంగతి. అమెరికాలో పక్షుల మీద పరిశోధన చేసే కార్నెల్ ల్యాబ్ వాళ్ల ఉచిత మెర్లిన్ యాప్‌లో 2021 నుంచి కూతని బట్టి పేరు చెప్పే సదుపాయం ఉంది. దాన్ని చెవికి సాయంగా వాడే గైడు మంచివాడే. తెరమీద పడ్డ పేరునల్లా జాబితాలో ఎక్కించేవాడు కాదు, ఎందుకంటే ఇతర పిట్టల గొంతు అనుకరించే పిట్టలు ఆ యాప్‌ని మోసం చేయగలవు. రికార్డు చేసిన కూత వినిపించి పిట్టని రప్పించడం ఇంకా పెద్ద తప్పు, ముఖ్యంగా గూళ్లు కట్టే కాలంలో. పరాయి మగపిట్ట తన హద్దులోకి వచ్చిందనుకుని అది మేత, పిల్లలు వదిలేసి పోట్లాటకి వస్తుంది. గూడు కనపడితే నిలబడి ఫొటోలు తీయించే గ్రూపూ అంతే, జనం గుమిగూడితే వేటాడే కాకులకి దారి చూపినట్టే.

ఫొటోల కోసమే వెళ్లేవాళ్లకి ఈ వాక్ సరిపడదు. నలుగురూ చూసే లోపే రెండడుగులు ముందుకేసి పిట్టని లేపేది ఎక్కువగా పెద్ద లెన్సు పట్టుకున్నవాళ్లే. వేరే వెళ్లడం ఇద్దరికీ మంచిది. కొత్తవాళ్లకీ, చెట్లలో చిన్న గోధుమరంగు పిట్టలన్నీ ఒకేలా కనపడే దశలో ఉన్నవాళ్లకీ మాత్రం ఇంతకన్నా తొందరగా నేర్చుకునే దారి లేదు. రెండు గంటల్లో కిలోమీటరున్నర, రెండు కిలోమీటర్లు నడిస్తే సరైన వేగం. అయిదు కిలోమీటర్లు నడిపించారంటే మిమ్మల్ని పరిగెత్తించారు.

చివరికి జాబితా. ఎవరైనా చూసిన పిట్టల్ని ఆన్‌లైన్‌లో నమోదు చేసుకునే ఈబర్డ్ 2002లో మొదలైంది, అందులో చాలా గ్రూపులు లెక్క నమోదు చేస్తాయి. మొదలైన వేళ, పట్టిన సమయం, నడిచిన దూరం రాయాలి. వెళ్లిన దారినే తిరిగొస్తే దూరం ఒకవైపుదే వెయ్యాలి. గుర్తుపట్టినవన్నీ రాశారా అన్న ప్రశ్నకి, కాకిని కూడా వదలకుండా రాస్తేనే అవునని పెట్టాలి. గైడు ఆ జాబితాని వచ్చినవాళ్లందరి ఖాతాలకీ పంచగలడు. అలా పంచే గ్రూపునే ఎంచుకోండి. మీ కాపీ వచ్చాక అందులో మీరు చూడనివీ విననివీ తీసేసే వీలుంటుంది, గైడు జాబితా అలాగే ఉంటుంది. మీ కాపీలో మిగిలినవి లెక్కపెట్టి, రెండు మూడు వాక్‌ల తర్వాత కూడా సగానికి పైగా కొట్టేయాల్సి వస్తుంటే, వరసలో ముందుకి జరగండి. అప్పటికీ మారకపోతే గ్రూపు మార్చండి.