పాత పోత ఇనుప బాత్‌టబ్, తొమ్మిదేళ్ళు వాడాక

"తెల్దొరలు తానాలు సేసిన తొట్టి బాబూ. అడుగున 66 అనుంది సూడండి, అంటే 1866" అన్నాడు తుక్కు కొట్టాయన. టెక్కలి దగ్గర ఏదో పాత బంగళా పడగొడితే వచ్చిందట. నలభై వేలు చెప్పి ఇరవై ఎనిమిదికి దిగాడు. ఇది 2016 మాట. ఇంటికి తెచ్చాక టేపు పెట్టి కొలిచాను. ఈ చివర నుంచి ఆ చివరకి సరిగ్గా 66 అంగుళాలు!

మన వైపు పాత సామాను అనగానే తూకమే గుర్తొస్తుంది. అమ్మమ్మ నాటి బుడితి గంగాళం ఉందనుకోండి, సొట్టలు పడినా ఇత్తడి ఇత్తడే, కిలో లెక్కన డబ్బులొస్తాయి. పోత ఇనుము అలా కాదు. మా టబ్బు నూట నలభై కిలోలు తూగింది. అప్పటి తుక్కు రేటు కడితే మూడు వేలు కూడా రాదు. మరి మిగతా పాతిక వేలూ దేనికిచ్చినట్టు? లోపలున్న ఎనామిల్‌కి. ఇనుము మీద గాజుపొడి పట్టించి కొలిమిలో కరిగించిన పూత అది. అది బాగుంటే బాత్‌టబ్, పోతే గేదెలకి కుడితి తొట్టి.

నేను మోసపోయిందీ అక్కడే. కొన్నప్పుడు పాలలా మెరిసిపోయింది. ఎనిమిదో నెలలో వేణ్ణీళ్ళు పోస్తుంటే అడుగున బొబ్బ లేచింది. గోరుతో గీకితే ఉల్లిపొరలా ఊడొచ్చింది. పెయింటు! దాని కింద అసలు ఎనామిల్ ఉంది కానీ, నీళ్ళు పోయే కన్నం చుట్టూ అరచెయ్యంత మేర పెచ్చులూడి, నల్లగా, అంచుల్లో తుప్పు. కొనేముందు ఒక మూల తాళంచెవితో గీసి ఉంటే తెలిసిపోయేది. పెయింటైతే గాటు పడుతుంది. గాజుపూత మీదైతే చెవి లోహమే కాస్త నల్లగా అంటుకుంటుంది, రుద్దితే పోతుంది.

మళ్ళీ ఎనామిల్ వేయించాలంటే టబ్బు టబ్బంతా 800 డిగ్రీల దాకా కాల్చే కొలిమిలో పెట్టాలి. అంత కొలిమి ఎక్కడ తెచ్చేది? పన్నెండు వేలు పోసి పెయింటే మళ్ళీ వేయించాను. ఐదేళ్ళకి అదీ లేస్తోంది.

కాళ్ళు చూడలేదు, అదో తప్పు. నాలుగు సింహం కాళ్ళలో ఒకటి వేరే టబ్బుది. అడుగున ఉన్న గాడిలో బిగుసుకోకుండా ఊగుతుంటే ఇనప ముక్క దూర్చి నిలబెట్టాం. కన్నం మర ఇప్పటి కప్లింగులకి కలవలేదు, లేత్ షాపులో ఇత్తడి బుష్ తిప్పించాల్సి వచ్చింది.

ఇక వాడకం. బకెట్టు స్నానానికి ఇరవై లీటర్లు చాలు, దీనికి నూట యాభై కావాలి. పాతిక డిగ్రీల నీళ్ళు నలభైకి రావాలంటే రెండున్నర యూనిట్ల పైనే కరెంటు. మా పాతిక లీటర్ల గీజరు మొదటి వారంలోనే చేతులెత్తేసింది. పైగా నీళ్ళు పోయగానే ఇనుము తన వాటా వేడి తాను లాగేసుకుంటుంది. ఒకసారి కాగాక మాత్రం ఓ పట్టాన చల్లారదు. నడుం నొప్పి ఉన్నవాళ్ళకి ఆ అరగంట స్వర్గమే. నిజం చెప్పాలంటే నేను ఎక్కువ వాడింది మే నెల మధ్యాహ్నాలు, చన్నీళ్ళతో, పేపరు చదువుకుంటూ.

"ఇల్లంతా ఆక్రమించిన ఇనప గేదె" అని మా ఆవిడ మొదటి రోజు నుంచీ దెప్పుతూనే ఉంది. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటింది. ముందు రాత్రే దీన్ని అంచు దాకా నింపాం. కరెంటు లేదు, మోటారు తిరగదు. గిన్నెలకీ బాత్‌రూముకీ ఆ నీళ్ళే ఐదు రోజులు వచ్చాయి. ఆ ఐదు రోజులూ ఆవిడ టబ్బుని ఒక్క మాట అనలేదు.

వంటకీ తాగడానికీ మాత్రం అందులోవి ముట్టలేదు. పాత ఎనామిల్‌లో సీసం ఉండొచ్చు. పూత గరుకెక్కిన టబ్బులో పసిపిల్లల్ని కూడా కూర్చోబెట్టను. యాసిడ్ అస్సలు తగలనివ్వకండి. పనామె ఒకసారి గచ్చు కడిగే యాసిడ్ పోసింది, ఎనామిల్ ఇంకా మిగిలిన ఆ మూల ఇప్పటికీ ఉప్పుకాగితంలా ఉంటుంది.

ఈ రోజు ఇలాంటిదే నాకు చూపిస్తే పదిహేను వేలకి మించి ఇవ్వను. పూత అసలుదై, నాలుగు కాళ్ళూ ఒకే జతవైతే యాభై అన్నా ఆలోచిస్తాను, వయసు ఎంతని అడగను కూడా.

మొన్న నరసన్నపేటలో ఒకటుందని తెలిసిన కుర్రాడు తీసుకెళ్ళాడు. అయస్కాంతం అంటుకుంది, కాళ్ళు ఒకే జత, లోపల తళతళ. తాళంచెవి తీశాను. "గీతలు పెట్టొద్దు బాబూ, పాడైపోద్ది" అన్నాడు అమ్మేవాడు. పోనీ తిరగేసి అడుగు చూపించమన్నాను, కూలి నేనే ఇస్తానన్నాను. దానికీ ఒప్పుకోలేదు. టీ తాగి వచ్చేశాం.