తీర్థన్‌లో ట్రౌట్ వేట: నది బాగుంది, బస బాదేసింది

మార్చి చివర్లో హిమాచల్ వెళ్లి తీర్థన్ నదిలో ట్రౌట్ అనే చల్లనీటి చేపకి గాలం వేద్దాం అనుకునేవాళ్లకి ముందే చెప్తున్నా, ఎవరైనా ‘యాంగ్లింగ్ (గాలం వేట) ప్యాకేజీ’ అంటే మొదట లైసెన్సు రసీదు చూపించమనండి. గుశైని అనే ఊరికి కాస్త ఇవతల మేం దిగిన హోమ్‌స్టేలో మనిషికి రోజుకి 2,800 అన్నారు. గది, భోజనం, రాడ్, గైడు, లైసెన్సు అన్నీ అందులోనేనట. ఇంత ఎందుకయ్యా అంటే ‘లైసెన్సుకే 600 అవుతుంది సార్’ అన్నాడు ఓనరు. పట్టుబట్టి రసీదు తెప్పించి చూస్తే మత్స్యశాఖ వాళ్లు రాసింది అక్షరాలా వంద రూపాయలు! అదీ ఒక్క రాడ్డుకే, మేం వేస్తున్నవి రెండు. చెకింగ్‌కి ఎవరైనా వస్తే జరిమానా మా నెత్తిన పడేది. ఇక వాళ్లిచ్చిన రీల్ తిప్పితే కరకరమంటుంది, ఉండుండి హ్యాండిల్ ఊడి చేతిలోకొస్తుంది. మా బావమరిది గోదావరి గట్టున వెదురు గాలంతో పెరిగినవాడు, ‘దీనికంటే మా ఊరి కర్రే నయం బావా’ అని పూటంతా మూతి ముడుచుకుని రాయి మీద కూర్చున్నాడు.

మర్నాడు పొద్దున్నే అక్కడ ఖాళీ చేసి బంజార్ వైపు 1,500 గదికి మారాం, లైసెన్సులు మేమే తీసుకున్నాం. పూటకి 700కి ఒక పెద్దాయన తోడొచ్చాడు. ఆయన చేసిన మొదటి పని, జేబులోంచి కటింగ్ ప్లేయర్ తీసి మా గాలాలకున్న ఎదురు ముల్లు నొక్కి చదును చేయడం. చేపని గాయం కాకుండా వదలాలంటే అలాగే చేయాలట. పెద్ద బండల వెనక నీరు నెమ్మదించే చోట చిన్న స్పిన్నర్ (నీళ్లలో తిరిగే రేకు ఎర) వేయించాడు. బావమరిదికి పడింది బ్రౌన్ ట్రౌట్, పసుపుపచ్చ ఒళ్లు, ఎర్ర చుక్కలు, ఒక్కో చుక్క చుట్టూ లేత రంగు వలయం. ఫోటో తీసుకుని నీళ్లలోనే వదిలేశాం. వాడి మూడ్ అంతటితో మారిపోయింది, ఆ తర్వాత వాగుడు ఆపితే ఒట్టు.

నవంబరు నుంచి ఫిబ్రవరి చివరిదాకా ట్రౌట్‌కి గుడ్లు పెట్టే కాలం, వేట నిషేధం. మార్చిలో తెరిచాక మంచు జోరుగా కరగకముందే వెళ్లాలి, ఆలస్యమైతే నీళ్లు పెరిగి బురదగా మారతాయి. వేట ఉదయం పూటే, మధ్యాహ్నం వెళ్తే ఎండలో నిలబడడమే మిగులుతుంది. ఢిల్లీలో మనాలీ బస్సెక్కి ఔట్ అనే ఊరి దగ్గర సొరంగానికి ముందే దిగండి, అక్కణ్ణుంచి బంజార్‌కి లోకల్ బస్సులున్నాయి.

చలికి నది దగ్గరికే రానన్న మా ఆవిడ, బంజార్ బజార్లో సిడ్డూ తిన్నాక మాత్రం ఇంకో పూట ఉందామంది. ఆవిరి మీద ఉడికించిన గోధుమ రొట్టె, లోపల అక్రోటు ముద్ద, పైన వేడి నెయ్యి, 80 రూపాయలు. ఆ నెయ్యి కారే రొట్టె ముందు 550 పెట్టి తిన్న ఫారం ట్రౌట్ వేపుడు దిగదుడుపే, ఆవనూనె వాసన ఒకటి, పైగా ఉప్పు తక్కువ.

మొదటి ఓనరు అడ్వాన్సులో మాకు ఇవ్వాల్సిన 1,400 ఇంకా రాలేదు. ఫోన్ చేస్తే సిగ్నల్ లేదంటాడు, వాట్సాప్ స్టేటస్‌లో మాత్రం రోజూ ట్రౌట్ ఫోటోలు పెడతాడు. అందులో ఒకటి మా బావమరిది పట్టిందే.