తెలుగు గేమ్ ఫాంటు చేయించుకునేవారికి హెచ్చరిక: డబ్బు ఇచ్చే ముందు ఒత్తులు చూడండి

నిన్న రాత్రి మా గేమ్‌లోని మొదటి సంభాషణను తెర మీద చూస్తుండగా "రాష్ట్రం" అన్న మాట దగ్గర నా చూపు ఆగిపోయింది. రా మీదా, ష మీదా తోలుబొమ్మల అంచుల్లో ఉన్నట్టే వరుసగా చిల్లులున్నాయి. ష కిందున్న ట ఒత్తు, ర ఒత్తు మాత్రం ఏ పనితనమూ లేకుండా నున్నగా ఉన్నాయి. వెంటనే "స్త్రీ", "యుద్ధం", "జ్యోత్స్న" టైపు చేసి చూశాను. ఏ ఒత్తుకూ ఒక్క చిల్లు లేదు.

డబ్బు తీసుకుని మాకు ఈ ఫాంటు చేసిచ్చిన డిజైనరు ఎవరో మీలో చాలామందికి తెలుసు కాబట్టి పూర్వాపరాలు క్లుప్తంగా చెబుతాను. మా గేమ్ నిమ్మలకుంట తోలుబొమ్మల స్ఫూర్తితో సాగుతుంది. ఆ బొమ్మల నగలకూ బట్టలకూ కొట్టే చిల్లుల సొగసు అక్షరాల్లోకి రావాలని అడిగాం. ప్రతి అక్షరమూ కొత్తగా గీస్తామని, సర్వహక్కులూ మావేనని రాసిచ్చి 42,000 రూపాయలకు ఒప్పుకున్నారు. సగం ముందే ఇచ్చాం. నమూనాలన్నీ చిత్రాల రూపంలోనే వచ్చాయి: "రాజు", "కోట", "నీడ", "మేఘం". ఒక్క మాటలోనూ ఒత్తు లేదు. తెలుగు చదివే నా కంటికి అది ఆనకపోవడం నా తప్పే. ఫైలు చేతికి అందిన రోజే, దాన్ని గేమ్‌లో పెట్టి చూడకుండానే, మిగిలిన 21,000 పంపించేయడం అంతకన్నా పెద్ద తప్పు.

ఒత్తుల సంగతి బయటపడ్డాక ఫైలును ఫాంటులు చేసే సాఫ్ట్‌వేర్ ఫాంట్‌ఫోర్జ్‌లో తెరిచాను. చిల్లులున్న గ్లిఫ్‌లు (ఫాంటులోని ఒక్కో అక్షర రూపం) లెక్కపెడితే 61 తేలాయి. మిగిలినవాటిని ముట్టుకోనే లేదు. ఫాంటు వివరాల్లో పేరు ఉండాల్సిన చోట మా గేమ్ పేరుంది. కొంచెం కిందికి వెళితే, లైసెన్సు వరుసలో, ఉచిత ఫాంటులకు పెట్టే ఎస్‌ఐఎల్ ఓపెన్ ఫాంట్ లైసెన్స్ 1.1 అన్న వాక్యం చెరపకుండా మిగిలిపోయి కనిపించింది. అనుమానంతో అక్షరాలను పక్కపక్కన పెట్టి పోల్చాను. అది సిలికానాంధ్ర సంస్థ ద్వారా అందరికీ ఉచితంగా అందిన రామభద్ర ఫాంటు. వంపులు కూడా మార్చలేదు.

ఉచిత ఫాంటును మార్చి వాడుకోవడం తప్పు కాదు. ఆ లైసెన్సు ప్రకారం దాన్ని మార్చవచ్చు, గేమ్‌లో కలిపి ఆ గేమ్‌ను అమ్ముకోవచ్చు, మార్చిన శ్రమకు డబ్బు తీసుకోవచ్చు. ఆ మాట మొదటే చెప్పి ఉంటే ఆ పనికి తగిన ధర సంతోషంగా ఇచ్చేవాళ్ళం. కానీ ఫాంటును విడిగా అమ్మకూడదు, మార్చిన ఫాంటు కూడా అదే లైసెన్సు కింద ఉండాలి. కాబట్టి సర్వహక్కులూ మావేనని రాసిచ్చిన కాగితానికి విలువ లేదు. తనవి కాని హక్కులను ఆయన మాకు అమ్మారు.

ఈ ఉదయం ఫోను చేసి, ఒత్తులు ఎందుకు వదిలేశారండీ అని అడిగాను. "అంత చిన్నవి ఎవరు చూస్తారండీ?" అన్నారు. రామభద్ర పేరెత్తగానే గొంతు మారింది. "అంత తెలిసినవాళ్ళు మీరే దింపుకొని చేసుకోవలసింది. అయినా తెలుగు గేమ్ ఎవరు ఆడతారని ఇంత రాద్ధాంతం?" అని పెట్టేశారు. ఆ తరువాత నా నంబరు నుంచి ఆయనకు ఫోను కలవడం లేదు. డబ్బు పోయినందుకు బాధ ఉంది, కానీ తెలుగు అక్షరాలు గీసి బతికే మనిషి నోట ఆ మాట విన్నప్పటి నుంచి చేతులు వణుకుతున్నాయి. ఒత్తు లేకుండా తెలుగులో నాలుగు వాక్యాల సంభాషణ రాయగలమా? చిన్న పిల్లవాడు సైతం "అమ్మ" అని రాయడానికి ఒత్తు నేర్చుకుంటాడు.

ఇదే పనికి ఎవరినైనా పెట్టుకుంటున్నవారికి ఒక మాట. నమూనా చిత్రాలతో సరిపెట్టుకోకుండా ఫాంటు ఫైలునే అడిగి, మీ గేమ్ ఇంజిన్‌లో మీ సంభాషణనే పెట్టి చూడండి. గోడాట్ 4 ఇంజిన్ అయితే ఒత్తులను తానే సరిగా కూర్చుతుంది. యూనిటీ ఇంజిన్‌లో అక్షరాలను తెర మీద చూపే టెక్స్ట్‌మెష్ ప్రోకు ఆ సామర్థ్యం సొంతంగా లేదు కనుక అక్కడ ఒత్తులు చెదిరితే అది ఫాంటు తప్పు కాకపోవచ్చు. ఫైలులోని లైసెన్సు వరుసను కూడా చదవండి, దానికి రెండు నిమిషాలు చాలు. మేమైతే రామభద్ర అసలు ఫైలును దింపుకొని, ఈసారి ఒత్తుల నుంచే చిల్లులు పెట్టడం మొదలుపెట్టాం.