మా తెల్ల బొలెరోకి నల్ల రంగు: 22 నెలలు వాడాక

బండి 2014 బొలెరో, తెలుపు. తొమ్మిదేళ్లు నాన్న నడిపాడు. చేలోకి, గుంటూరు మిర్చి యార్డుకి, పెళ్లిళ్లకి, ఒకసారి మా బాబాయి కొన్న గేదెదూడని తేవడానికి కూడా అదే. మోకాళ్ల నొప్పితో క్లచ్చు తొక్కలేక ఆయన ఆటోమేటిక్ కారు తీసుకున్నాక, 1,62,000 కిలోమీటర్లు తిరిగిన ఆ బండి నా చేతికొచ్చింది. అప్పుడు నాకు 18. లైసెన్సు కార్డు ఇంటికి రాకముందే దాన్ని నల్లగా మార్చేద్దామని డిసైడ్ అయిపోయాను.

మొదటి ప్లాన్ బండి మొత్తం నలుపు. నాన్న ఒక్కమాటలో కొట్టేశాడు. "ఆర్సీలో తెలుపని ఉంది. నువ్వు నల్లగా చేసుకుంటే ఆర్టీఓ ఆఫీసు చుట్టూ ఎవడు తిరుగుతాడు?" నిజమే. మొత్తం రంగు మార్చాలంటే ఆర్సీలో మార్పించుకోవాలి, ఇన్సూరెన్సు వాళ్లకీ చెప్పాలి. ఆయన రెండో మాట ఇంకా నచ్చింది: "రాత్రిపూట మన రోడ్ల మీద నల్ల గేదెలే కనపడవు. వాటికి తోడు నువ్వొకడివి." మా ఫ్రెండ్ ఒకడు మిలిటరీ పచ్చ వేద్దామన్నాడు. ఆ రంగు సైన్యం బండ్లకి తప్ప వేరే వాటికి వెయ్యకూడదని రూల్లోనే ఉంది. అద్దాలకి నల్ల ఫిల్ము సంగతి ఎత్తలేదు, 2012లోనే సుప్రీంకోర్టు వద్దంది. ముందు ఉండే ఇనుప గార్డుకి రంగేద్దామంటే, 2017 చివర్లో కేంద్రం వాటిని తీసేయమన్నప్పుడే నాన్న ఊడదీసి గేదెల కొట్టంలో గడియకి వాడేశాడు.

అలా చివరికి మిగిలినవి నాలుగు: ఐదు రిమ్ములు (స్టెప్నీతో కలిపి), బానెట్, గ్రిల్, ఎండకి తెల్లబడిపోయిన ప్లాస్టిక్ భాగాలు. పెయింటర్‌కి ఇవ్వలేదు. స్ప్రే డబ్బాలతో నేనే వేశాను. రంగు పట్టుకోవడానికి కింద వేసే ప్రైమర్, నలుపు, పైన వేసే క్లియర్ కలిపి 13 డబ్బాలు, ఒక్కోటి 260 రూపాయలు. వాటర్ పేపర్లు, మాస్కింగ్ టేపు, థిన్నర్‌తో కలిపి 3,800 దాకా అయింది. ఏ కంపెనీవి అని అడగొద్దు. రెండు రకాలు వాడాను, నాకు తేడా కనపడలేదు. తేడా అంతా కింద ఎంత రుద్దామన్న దాంట్లోనే ఉంది.

మొదటి రిమ్ము మే నెలలో మధ్యాహ్నం రెండింటికి ఎండలో పెట్టి కొట్టాను. మాది పిడుగురాళ్ల. వేసవి వార్తల్లో వినపడే రెంటచింతల కూడా మా జిల్లాలోనే. ఆ ఎండకి రంగు డబ్బాలోంచి బయటికొచ్చి రిమ్ముని చేరేలోపే గాల్లో ఆరిపోతోంది. చెయ్యి పెడితే సున్నం కొట్టిన గోడలా గరగర. దానికి తోడు గాలికి కొట్టుకొచ్చిన దుమ్ము. ఆ రిమ్ముని మళ్లీ మొత్తం గీకాల్సొచ్చింది. తర్వాత నాయనమ్మ పొద్దున్నే కళ్లాపి చల్లే టైముకి లేవడం మొదలుపెట్టాను. తడి నేల మీద దుమ్ము లేవదు, ఎండ ఎక్కదు. రేకుల షెడ్డు కింద ఆరున్నరకి మొదలుపెడితే ఎనిమిదికి మూడు పల్చటి కోట్లు అయిపోయేవి. ఈ సమీక్షలో పనికొచ్చే ముక్క ఒక్కటే ఏరుకోమంటే ఇదే ఏరుకోండి.

రిమ్ములు. ఈ పనిలో పెట్టిన ప్రతి రూపాయీ వీటి దగ్గర గిట్టుబాటైంది. బొలెరోవి ఇనుప రిమ్ములు, కాబట్టి పని తేలిక. సర్ఫుతో కడిగి, తుప్పు చుక్కలున్న చోట గరుకెక్కువుండే 180 నంబరు వాటర్ పేపరు, మిగతా అంతా దానికన్నా మెత్తటి 320, థిన్నర్ గుడ్డతో తుడిచి ప్రైమర్ రెండు కోట్లు, నలుపు మూడు, క్లియర్ రెండు. ముందు చక్రాల మీద పడే బ్రేకు మసి వెండి రంగు మీద వికారంగా కనపడేది. ఇప్పుడు ఉందో లేదో కూడా తెలియదు. 22 నెలల్లో మూడు రిమ్ములు బాగున్నాయి, స్టెప్నీ కవర్లో ఉంటుంది కాబట్టి దాన్ని లెక్కలోకి తీసుకోను. ముందు ఎడమది మాత్రం పొరలు పొరలుగా లేస్తోంది. అది నేను మ్యాచ్ టైమైపోతోందని సరిగ్గా రుద్దకుండా వేసింది. పంక్చరు వేయించిన ప్రతిసారీ టైరు విప్పే కడ్డీ తగిలి అంచులు గీసుకుపోతాయి. దానికి చేసేదేం లేదు, చిన్న బ్రష్షుతో దిద్దుకోవడమే.

ఇక్కడే ఒక పెద్ద తప్పు చేశాను. నట్లు కూర్చునే గుంతల్లో కూడా మందంగా రంగు కొట్టేశాను. టైర్లు ఎక్కించి రెండు రోజులు, ఓ 60 కిలోమీటర్లు తిరిగాను. గాలి పట్టించుకోవడానికి ఆగితే ఆ షాపు అన్న గుంతల వైపు చూసి, ఏమీ మాట్లాడకుండా స్పానర్ తెచ్చి ఒక నట్టు మీద పెట్టాడు. సగం చుట్టు తిరిగింది. రెండోదీ అంతే. "రంగు నలిగిపోయింది తమ్ముడూ, నట్టు లూజైంది. ఇంకో వంద కిలోమీటర్లు పోతే చక్రం నీకన్నా ముందే ఇంటికి పోయేది." అక్కడే నాలుగు చక్రాలూ విప్పి గుంతలు శుభ్రంగా గీకించాను. మీరు వేసుకుంటే గుంతలకీ, రిమ్ము హబ్బుకి (చక్రం బిగించే ఇరుసు చివర) ఆనుకునే వెనక భాగానికీ టేపు వేసుకోండి. బిగించాక ఓ 50 కిలోమీటర్లు తిరిగి మళ్లీ ఒకసారి స్పానర్ పెట్టి చూడండి. ఈ సంగతి నాన్నకి ఇప్పటిదాకా చెప్పలేదు.

గ్రిల్ పూర్తిగా ఫెయిల్. క్రోమ్ మీద రంగు నిలవదు. మూడు నెలలకే అరటి తొక్కలా ఊడొచ్చింది. ప్లాస్టిక్ ఫుట్‌బోర్డులు, బంపరు మూలలు మొదటిసారి మామూలు ప్రైమర్ మీద వేస్తే పెచ్చులూడాయి. ప్లాస్టిక్‌కి విడిగా అమ్మే ప్రైమర్ తెచ్చి రెండోసారి వేశాను, ఇప్పటికీ గట్టిగానే ఉంది.

ఇక బానెట్. మ్యాట్ నలుపు, అంటే మెరుపు లేనిది, వేసిన మొదటి రోజు నాయనమ్మ అరుగు మీదనుంచి చూసి, "బండికి దిష్టిచుక్క పెట్టావట్రా, మంచిదే" అంది. ఆ చుక్క మరీ మంచం అంత ఉందని అమ్మ అంది. చూడ్డానికి మాత్రం అదిరింది, కాదనను. నేను అనుకోని లాభం కూడా ఒకటి దొరికింది. సాయంత్రం నరసరావుపేట నుంచి ఇంటికొస్తుంటే ఎండ ఎదురుగా కొడుతుంది. బొలెరో బానెట్ ఎత్తుగా, బల్లపరుపుగా మన కళ్లెదుటే ఉంటుంది కదా, తెల్ల రంగు మీద ఆ వెలుతురు పడి కళ్లల్లో పొడిచేది. మ్యాట్ నలుపు వేశాక ఆ బాధ పోయింది. కొత్తగా నడిపేవాడికి అది చిన్న విషయం కాదు.

కానీ మాది సున్నం బట్టీల ఊరు. పొద్దున తుడిస్తే సాయంత్రానికి ఒళ్లంతా విభూతి పూసుకున్న నందిలా తయారవుతుంది. కడుగుదామంటే మా బోరు నీళ్లు ఉప్పు, ఆరిన చోటల్లా తెల్ల చుక్కలు. తెలుపు మీద ఇవేవీ కనపడేవి కావు. నలుపు చూసుకున్నాకే తొమ్మిదేళ్లు నాన్న కడక్కుండా ఎలా నెట్టుకొచ్చాడో అర్థమైంది. మ్యాట్‌కి పాలిష్ పెట్టకూడదు, పెడితే అక్కడొక్కటే మెరిసి మచ్చలా కనపడుతుంది. ఒకసారి కాకి రెట్ట ఎండిపోయి రాకపోతే పెట్రోలు గుడ్డతో తుడిచాను. రెట్ట పోయింది, దాంతోపాటు రంగూ పోయింది. గుడ్డంతా నల్లగా అయింది, బానెట్ మీద అరచేయంత ప్రైమర్ బయటపడింది. డబ్బా రంగు ఎంత ఆరినా పెట్రోలుకి కరుగుతుంది. షాపుల్లో హార్డెనర్ (రంగుని గట్టిపరిచే మందు) కలిపి కొట్టే రంగుకి ఈ గోల ఉండదు.

రెండు వేసవులకి ఆ నలుపు కాస్తా వాడేసిన పలకలా బూడిద రంగుకొచ్చింది. ఏప్రిల్ మధ్యాహ్నం బానెట్ ఎత్తాలంటే భుజం మీద తువ్వాలు ఉండాల్సిందే, ఉత్త చేత్తో ముట్టుకోలేం. ఇంజను మీద తేడా నాకేం కనపడలేదు, వేడి ముల్లు ఎప్పుడూ ఉండే చోటే ఉంది. లోపల ఏసీ కూడా అంతే. కాలేది చేతులే.

పోయిన నెల పెయింటర్ దగ్గర బానెట్‌కి మళ్లీ తెలుపు వేయించాను. నా పొరలన్నీ గీకడానికే సగం రోజు పట్టిందని ఆయన 6,500 తీసుకున్నాడు. అంటే 3,800తో వేసినదాంట్లో ఒక్క బానెట్ తీయించడానికే దాదాపు రెట్టింపు. తెల్ల బాడీకి నల్ల రిమ్ములు, నల్ల ఫుట్‌బోర్డులు, ఇప్పుడు ఇలాగే బాగుంది. గ్రిల్‌ని మిగిలిన నలుపు కూడా గీకేసి క్రోమ్‌గానే వదిలేశాను.

ముందు ఎడమ రిమ్ము ఒక్కటి మిగిలింది. అర డబ్బా నలుపు ఇంకా ఉంది. ఈసారి 320 పేపరు రెండు షీట్లు ఎక్కువే తెచ్చాను. వచ్చే ఆదివారం మ్యాచ్ లేదు.