పదేళ్ల పిల్లకు గేర్ల సైకిల్: షాకులు వద్దు, పొట్టి క్రాంకులు కావాలి

మా అమ్మాయికి పదేళ్లు. ఎత్తు 138 సెంటీమీటర్లు, బరువు 29 కిలోలు. సైకిల్ గురించి చెప్పే ముందు పిల్ల కొలతలు చెబుతున్నాను, ఎందుకంటే ఏ పిల్లకో తెలియకుండా ఏ సైకిల్ మంచిదో చెప్పడం కుదరదు. విజయవాడలో మేం తిరిగిన దుకాణాల్లో మాత్రం ఒక్కరూ ఆ కొలతలు అడగలేదు. వయసు అడిగారు, బడ్జెట్ అడిగారు, వెంటనే 26 అంగుళాల చక్రాల సైకిల్ ముందుకు తోశారు. ‘ఎదిగే పిల్ల కదమ్మా, నాలుగేళ్లు పనికొస్తుంది’ అన్నారు.

ఈ మాట విని చాలామంది తల్లిదండ్రులు పెద్ద సైకిల్ కొంటారు. యూనిఫాం ఒక సైజు పెద్దది కుట్టించి అంచు మడత పెట్టించవచ్చు. సైకిల్‌కు అంచు లేదు. నేల అందని పిల్ల ఆగాల్సిన చోట ఆగలేదు, దిగాల్సిన చోట దిగలేదు. మొదటి రెండేళ్లు భయంభయంగా తొక్కిన పిల్లకు ఆ తర్వాత సైజు సరిపోయినా తొక్కాలన్న ఉత్సాహం మిగలదు. మా అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో దుమ్ము పట్టిన సైకిళ్లలో సగం ఇలాంటివే.

మేం 24 అంగుళాల చక్రాలది తీసుకున్నాం. సుమారు 130 నుంచి 150 సెంటీమీటర్ల ఎత్తు వరకూ ఈ సైజు సరిపోతుంది. అల్యూమినియం ఫ్రేము, ముందు షాకులు (కుదుపు తగ్గించే స్ప్రింగులు) లేని మామూలు ఫోర్కు (ముందు చక్రాన్ని పట్టుకునే భాగం), రిమ్ము మీద పట్టే బ్రేకులు, 21 గేర్లు, ధర 16,500 రూపాయలు. కంపెనీ పేరు రాయడం లేదు. ఈ ధరలో చూసినవన్నీ దాదాపు ఇవే విడిభాగాలతో, ఇవే లోపాలతో ఉన్నాయి.

ముందుగా బరువు. దుకాణంలో అందరి కళ్లూ పడేది ముందూ వెనకా స్ప్రింగులు, లావు టైర్లు, డిస్క్ బ్రేకులు ఉన్న ఇనుప సైకిల్ మీద. మా అమ్మాయీ దాని దగ్గరే ఆగిపోయింది. సామాను తూచే చిన్న కొక్కెం త్రాసు ఒకటి నా సంచిలో తీసుకెళ్లాను. దానికి తగిలిస్తే 17 కిలోలు తూగింది. 29 కిలోల పిల్ల 17 కిలోల సైకిల్ తొక్కడమంటే, 60 కిలోల మనిషి 35 కిలోల సైకిల్ తొక్కడమే. వంతెన ఎక్కేటప్పుడు ఆ బరువంతా ఆ చిన్న తొడల మీదే పడుతుంది. మేం కొన్నది 12 కిలోల 400 గ్రాములు. పిల్ల బరువులో నలభై శాతం దాటకుండా చూసుకోవాలన్నది నా లెక్క. మార్పులు అయ్యాక ఆ గీత లోపలికి వచ్చింది.

షాకుల సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. చవక ఫోర్కులలో ఉండేవి గట్టి ఉక్కు స్ప్రింగులు. పెద్దవాళ్ల బరువుకు దిగేలా చేసిన స్ప్రింగు 29 కిలోల పిల్ల కింద కదలదు. కావాలంటే దుకాణంలోనే పరీక్షించండి. పిల్లను ఎక్కించి, ముందు బ్రేకు పట్టించి, హ్యాండిల్‌ను కిందికి నొక్కమనండి. ఫోర్కు ఒక అంగుళమైనా దిగకపోతే అది షాకు కాదు, మోయాల్సిన అదనపు ఇనుము. పిల్లల సైకిల్‌కు కుదుపు తగ్గించేది టైరు. 1.95 అంగుళాల వెడల్పు టైరులో గాలి సరిగ్గా ఉంటే చాలు. పంక్చర్ షాపులో గాలి కొట్టమంటే రాయిలా బిగుసుకునేదాకా కొడతారు. మా టైరు పక్కన రాసి ఉన్న కనీస అంకె 30 పీఎస్ఐ, మేం అంతే పెడుతున్నాం. చేతి పంపు, గాలి కొలిచే మీటరు ఇంట్లో ఉంచుకోవడం మంచిది.

ఇక లోపాలు. కొన్న సైకిల్‌లో మూడు ఉన్నాయి. మూడూ డబ్బు ఆదా కోసం పెద్దవాళ్ల భాగాలను పిల్లల సైకిల్‌కు తగిలించడం వల్ల వచ్చినవే.

మొదటిది బ్రేకు లివరు. పిల్ల చెయ్యి హ్యాండిల్ మీద పెట్టి వేళ్లు చాపితే లివరును గోళ్లు మాత్రమే తాకుతున్నాయి. చూపుడువేలి మొదటి గణుపు లివరు మీద ఒరగాలి, అప్పుడే పిడికిలి వదలకుండా నొక్కగలదు. చాలా లివర్లలో దూరం తగ్గించే చిన్న మర ఉంటుంది. దాన్ని పూర్తిగా తిప్పినా మాకు చాలలేదు. టెక్ట్రో కంపెనీ పిల్లల చేతులకని చేసే జేఎల్510 లివర్లు తెప్పించి వేయించాను. సైకిల్‌కు పెట్టిన ఖర్చులో అన్నిటికన్నా సార్థకమైనది ఇదే. రెండు వేళ్లతో ఆపగలిగిన రోజు నుంచి దిగుడులో మా అమ్మాయి భుజాలు బిగుసుకోవడం మానేశాయి.

రెండోది గేర్లు. ముందు మూడు చైన్‌వీల్స్ (పెడల్స్ దగ్గరి పళ్ల చక్రాలు), వెనక ఏడు, మొత్తం 21 అని స్టిక్కరు మీద గొప్పగా రాస్తారు. ముందు గేరు మార్చే ఎడమ మీట మా అమ్మాయి బొటనవేలికి అసలు లొంగదు. లొంగని గేరు ఉన్నా లేనట్టే. అందుకని ముందున్న మూడూ తీసేసి 28 పళ్ల చైన్‌వీల్ ఒక్కటే వేశాం. వెనక 14-28 పళ్ల ఫ్రీవీల్ (వెనక చక్రం మీది ఏడు పళ్ల చక్రాల గుత్తి) స్థానంలో 14-34 వేశాం. పాత అమరికలో అన్నిటికన్నా తేలిక గేరులో పెడల్ ఒక చుట్టు తిరిగితే సైకిల్ 1.63 మీటర్లు కదిలేది. ఇప్పుడు 1.57 మీటర్లు. అంటే ఎక్కుడుకు పాతదానికన్నా తేలిక గేరే ఉంది, అదీ కుడి బొటనవేలి కిందే. పై గేరులో గంటకు 20 కిలోమీటర్ల దగ్గర కాళ్లు గిరగిరా తిరగడం మొదలవుతుంది. పదేళ్ల పిల్లకు అంతకన్నా వేగం అక్కర్లేదు. చైన్‌వీల్ మాత్రం ఒక పన్ను లావుగా, పక్క పన్ను సన్నగా ఉండే రకం కొనాలి. ముందు డిరైలర్ (చైనును పక్కకు నెట్టి గేరు మార్చే భాగం) లేనప్పుడు రాళ్ల దారిలో చైను ఊడకుండా పట్టి ఉంచేది ఆ పళ్లే.

మూడోది క్రాంకులు, అంటే పెడల్స్‌ను ఇరుసుకు కలిపే కడ్డీలు. దీని గురించి దుకాణంలో ఎవరూ మాట్లాడరు, కొనేవాళ్లూ అడగరు. కానీ నా దృష్టిలో పిల్లల సైకిల్‌లో అన్నిటికన్నా ముఖ్యమైన కొలత ఇదే. వచ్చిన క్రాంకుల పొడవు 170 మిల్లీమీటర్లు. పెద్దవాళ్ల సైకిళ్లకు వేసేది అదే. 138 సెంటీమీటర్ల పిల్ల ఆ పొడవు తొక్కడమంటే, ఐదడుగుల ఎనిమిది అంగుళాల మనిషి 213 మిల్లీమీటర్ల క్రాంకు తొక్కడంతో సమానం. పెడల్ పైకి వచ్చిన ప్రతిసారీ మోకాలు పొట్టకు తగులుతుంది, నడుము అటూ ఇటూ ఊగుతుంది. దాన్ని చూసి ‘పిల్లకు ఇంకా తొక్కడం సరిగ్గా రాలేదు’ అంటారు. ఎత్తులో పదోవంతుకు దగ్గరగా ఉండే క్రాంకు పిల్లలకు హాయిగా ఉంటుంది. మాకు 140, 145 మధ్య కావాలి.

ఆ కొలతలో కొత్తవి దొరకడానికి నెలలు పట్టేలా ఉంది. పటమటలో మాకు తెలిసిన సైకిల్ మెకానిక్ ఒక దారి చెప్పాడు. నా పాత సైకిల్ నుంచి తీసి పెట్టిన అల్యూమినియం క్రాంకులు ఉన్నాయి, 170వే, కానీ లోపల బోలు లేకుండా దిట్టంగా, వెడల్పుగా ఉన్నవి. వాటికి 145 దగ్గర కొత్త రంధ్రాలు వేసి మరలు కోయిస్తే సరిపోతుందన్నాడు. రంధ్రం వంకర పోకూడదు గనుక చేతి డ్రిల్లుతో వద్దు, ఆటోనగర్‌లో మెషీను మీద వేయిద్దాం అన్నాడు.

లారీ బాడీలు కట్టే షెడ్ల మధ్య చిన్న వర్క్‌షాపు అది. అరచేతిలో పట్టే క్రాంకు చూసి ఆ మిషనిస్టు నవ్వుతాడేమో అనుకున్నాను. నవ్వలేదు. పెడల్ ఆనే ముఖం మీద వేలు రాసి చూసి, దాన్ని బేరింగు చూసినంత శ్రద్ధగా అటూ ఇటూ తిప్పాడు. క్రాంకు వైసులో బిగించి, పాత రంధ్రం ముఖం మీద డయల్ గేజి ఆనించి, ముల్లు కదలకుండా అయ్యేదాకా కింద సన్నటి రేకు ముక్కలు మారుస్తూ కూర్చున్నాడు. డ్రిల్లు వేయడానికి పట్టిన సమయం కన్నా ఆ సర్దుబాటుకు పట్టిన సమయమే చాలా ఎక్కువ. రెండు రంధ్రాల మధ్య దూరం 25 మిల్లీమీటర్లు. పెడల్ మర వ్యాసం 14 పైచిలుకు. అంటే మధ్యలో పది మిల్లీమీటర్ల దిట్టమైన లోహం మిగిలింది. అంతకన్నా తక్కువైతే నేను ఒప్పుకునేదాన్ని కాదు.

మర కోసే ముందు ఆగి, ‘ఎడమది ఎదురు మర కదమ్మా?’ అని అడిగాడు. అవును. ఎడమ పెడల్‌కు తిరగేసిన మర ఉంటుంది. రెండు వైపులా ఒకే మర ఉంటే తొక్కేకొద్దీ ఎడమ పెడల్ వదులై ఊడిపోతుంది. లారీల పనిలో ఆ సైజు ఎదురు మర ట్యాపు (మర కోసే పనిముట్టు) ఉండదు గనుక సైకిల్ మెకానిక్ తన సెట్టు వెంట తెచ్చాడు. నూనె చుక్క వేసి, అర చుట్టు ముందుకు, పావు చుట్టు వెనక్కి తిప్పుతూ కోశారు. పెడల్ వేళ్లతోనే చివరిదాకా ఎక్కింది. రెండు క్రాంకులకూ కలిపి 600 రూపాయలు తీసుకున్నాడు. ఈ పనికి నేను పూర్తి మార్కులు వేస్తాను.

ఇందులో ఒక లోపమూ ఉంది. క్రాంకు చివర పెడల్ కన్నా కిందికి పొడుచుకొచ్చి ఉంటుంది, అప్పుడప్పుడు రాయికి గీసుకుంటుంది. కోయించేయవచ్చు. నేను కావాలనే ఉంచాను. రేపు ఈ పిల్ల 150 దాటి 26 అంగుళాల సైకిల్‌కు మారినప్పుడు ఇవే క్రాంకులు ఆ సైకిల్‌కు వేసి, ఇంకా ఎదిగాక పెడల్స్‌ను పాత రంధ్రాలకు మార్చవచ్చు. చైన్‌వీల్, లివర్లు కూడా వెంట వెళ్తాయి. ఎదిగే పిల్లకు డబ్బు ఆదా కావాలంటే దారి ఇది: పెద్ద ఫ్రేము ముందే కొనడం కాదు, మంచి భాగాలను ఒక ఫ్రేము నుంచి ఇంకో ఫ్రేముకు మోసుకెళ్లడం.

మార్పుల తర్వాత బరువు 11 కిలోల 300 గ్రాములకు దిగింది. సైడు స్టాండు, మడ్‌గార్డులు తీసేశాం, బెల్లు ఉంచాం. క్రాంకులు కాకుండా లివర్లు, ఫ్రీవీల్, చైన్‌వీల్, కొత్త చైను, మెకానిక్ కూలీ కలిపి నాలుగు వేల పైన అయింది. మొత్తం 22 వేల లోపే.

తొక్కితే ఎలా ఉంది? ఉండవల్లి వైపు కరకట్ట మీద హాయిగా ఉంది, కానీ అక్కడ ఏ సైకిలైనా హాయిగానే ఉంటుంది. అసలు పరీక్ష మూలపాడు దగ్గర, కొండపల్లి అడవి అంచున ఉన్న మట్టి దారుల్లో. ఎర్రమట్టి, మధ్యమధ్య గులకరాళ్లు, వాన నీరు కోసిన చిన్న గాడులు. అక్కడ ఒక ఎక్కుడు ఉంది, పొడవు తక్కువే కానీ నిటారుగా ఉంటుంది. పాత క్రాంకులతో అమ్మాయి సగంలో దిగిపోయేది. ఇప్పుడు సీటు మీది నుంచి లేవకుండా, 34 పళ్ల గేరులో టకటకా కాళ్లు తిప్పుకుంటూ పైదాకా వస్తోంది. లేవకపోవడమే ముఖ్యం. లేస్తే వెనక చక్రం మీద బరువు పోయి వదులు మట్టిలో జారుతుంది. దిగేటప్పుడు రాళ్ల మీద చేతులకు కుదుపు తెలుస్తుంది, షాకులు లేవు కదా. దానికి పిల్లే మోచేతులు వంచి, పిరుదులు సీటుకు కాస్త పైకెత్తి తొక్కడం నేర్చుకుంది. ఎండాకాలంలో ఏడున్నర లోపే వెనక్కి బయల్దేరాలి, ఆ తర్వాత ఆ రాళ్లు సెగలు కక్కుతాయి.

సెకండ్‌హ్యాండ్ ఫ్రేము కొని కట్టించుకుందాం అనుకునేవాళ్లకు ఒక మాట. 2024 సెప్టెంబరులో బుడమేరు వరదకు సింగ్‌నగర్, ఆ చుట్టుపక్కల ఇళ్లల్లో సైకిళ్లు నీళ్లలో నానాయి. పైన రంగు తుడిచి అమ్మే వాటిని చూసి మోసపోకండి. సీటు గొట్టం పూర్తిగా బయటికి లాగి, సైకిల్‌ను తలకిందులు చేసి కుదపండి. తుప్పు పొడి గాని, ఎండిన బురద గాని రాలితే వదిలేయండి. ఆ తర్వాత చక్రాన్ని గాలిలో ఉంచి తిప్పుతూ ఫోర్కు మీద చెయ్యి పెట్టండి. ఇసుక నలిగినట్టు చేతికి తెలిస్తే బేరింగులు పోయినట్టే. ఫ్రేము మంచిదైతే బేరింగుల ఖర్చు పెద్దదేం కాదు, కానీ ఆ మేరకు ధర తగ్గించమని అడగండి.

క్రాంకులు మార్పించుకున్నవాళ్లు వాటి బోల్టులను కొన్ని సార్లు తొక్కాక తప్పకుండా మళ్లీ బిగించాలి. అల్యూమినియం క్రాంకు ఇరుసు మీద సర్దుకునేటప్పుడు వదులవుతుంది. అలాగే తొక్కితే చతురస్రపు రంధ్రం గుండ్రంగా అరిగి ఇక పనికిరాదు. కొత్త రంధ్రాల చుట్టూ బీట కనిపిస్తుందేమో నెలకోసారి గుడ్డతో తుడిచి చూస్తున్నాను.

ఇంటి నుంచి బడికి, బడి నుంచి ట్యూషన్‌కు మాత్రమే తొక్కే పిల్లలకు ఇదంతా అక్కర్లేదు. బెంజి సర్కిల్, బందరు రోడ్డు లాంటి సమతలం మీద గేర్లు లేని తేలికపాటి 24 అంగుళాల సైకిల్, పట్టు అందే బ్రేకులు, వెనక క్యారియర్ ఉంటే చాలు. అప్పుడు కూడా క్రాంకు పొడవు మాత్రం టేపు పెట్టి కొలవండి. ఇరుసు మధ్య నుంచి పెడల్ మర మధ్య దాకా.