డాబా చెమ్మ, పలకని అసోసియేషన్: ఆరేళ్ల అనుభవంతో ఒక సమీక్ష

2019 ఆగస్టులో హైదరాబాదు నిజాంపేటలో, ఐదంతస్తుల అపార్ట్‌మెంటు పై అంతస్తులో గృహప్రవేశం చేశాము. లిఫ్టు, మంచినీరు, కాపలా విషయంలో మా అసోసియేషన్‌పై నాకు ఫిర్యాదు లేదు. పడకగది ఈశాన్య మూలలో ఏటా దిగే చెమ్మ విషయంలో మాత్రం దాని పనితీరుకు నేను ఐదుకు ఒకటి కంటే ఎక్కువ ఇవ్వలేను.

మొదటి వానాకాలంలో ఆ మూల లప్పం అరచేతి వెడల్పున అప్పడంలా ఉబ్బింది. కొత్త గోడ తడి ఆరుతోందని మేస్త్రీ చెబితే నమ్మాను. 2020 అక్టోబరు 13న నగరమంతా కుండపోత కురిసిన రాత్రి అక్కడి నుంచే నీరు ధార కట్టింది. మంచం పక్కకు జరిపి, బకెట్లు మార్చుకుంటూ తెల్లవార్లూ కూర్చున్నాము. ప్లైవుడ్డు బీరువా అడుగుభాగం ఉబ్బిపోయి తలుపు పడలేదు. లోపల మా అమ్మ పెళ్లి పట్టుచీర మడతలనిండా బూజు నల్లటి చుక్కలుగా పట్టింది. బీరువా మళ్లీ చేయించుకున్నాము కానీ, ఆ చీర ఇక కట్టుకోవడానికి పనికిరాలేదు.

ఆ తరువాత మూడుసార్లు గోడ గీకించి, లప్పం పెట్టించి, రంగు వేయించాను. ప్రతిసారీ తొలకరికే మళ్లీ పొక్కులు వచ్చాయి. పైనుంచి దిగే నీటిని లోపలి పూత ఏదీ ఆపదు. పైగా స్లాబులోకి చేరిన నీరు చేరినచోటే కారదు. చువ్వల వెంట, కరెంటు గొట్టాల వెంట పాకి వేరే ఎక్కడో బయటపడుతుంది. చివరికి మరో మేస్త్రీ డాబా మీద కొంత భాగానికి మట్టితో గట్టు కట్టి, నాలుగు వేళ్ల లోతున నీరు నింపి రెండు రోజులు నిలవ ఉంచాడు. రెండో రోజు సాయంత్రానికి మా మూల తడిసింది. వాననీటి గొట్టం స్లాబులోంచి దిగేచోట చుట్టూ సిమెంటు ఊడి, చిటికెన వేలు దూరేంత సందు ఏర్పడి ఉంది. రంగులకు పోసిన డబ్బు కంటే ముందు ఈ పరీక్షకు ఖర్చు పెట్టి ఉండవలసిందని ఇలాంటి ఇబ్బందిలో ఉన్న ప్రతి ఒక్కరికీ చెబుతాను.

డాబా ఉమ్మడి ప్రదేశమని 2016 నాటి రెరా చట్టం (స్థిరాస్తి నియంత్రణ, అభివృద్ధి చట్టం) నిర్వచనంలోనే ఉంది కనుక, దాని బాగోగులు చూడవలసింది అసోసియేషనే. అయినా నలుగురు కార్యదర్శులు మారినా నాకు దొరికిన జవాబు ఒక్కటే: "చూద్దామండీ, ముందు ఈ వానలు తగ్గనివ్వండి." వానలు తగ్గాక ఎవరికీ గుర్తుండేది కాదు. జనరల్ బాడీ సమావేశంలో రెండుసార్లు లేచి మాట్లాడాను. మినిట్స్ పుస్తకంలో వెతికితే ఆ ప్రస్తావనే లేదు. వాళ్లు కాదన్నా నాకు ఇంత బాధ ఉండేది కాదు, ఎందుకంటే కాదన్న మాటకు ఎదురు చెప్పవచ్చు. అసలు రాసుకోని మాట మీద ఎక్కడికి వెళ్లి వాదించగలము?

అదే చట్టం సెక్షన్ 14(3) ప్రకారం, ఫ్లాటు స్వాధీనం చేసిన నాటి నుంచి 5 సంవత్సరాలలోపు నిర్మాణ లోపమో, పనితనంలో లోపమో బిల్డరు దృష్టికి తెస్తే, అదనంగా ఏమీ తీసుకోకుండా 30 రోజుల్లో అతడే సరిచేయాలి. మా గడువు 2024 ఆగస్టుతో ముగుస్తుందని తెలిశాక, ఆ ఏడాది జనవరిలో ఫొటోలు, తేదీలు, ఖర్చుల రసీదులు జతచేసి బిల్డరుకూ, అసోసియేషన్ అధ్యక్షుడికీ రిజిస్టర్డ్ పోస్టులో ఉత్తరాలు పంపి, అందినట్లు రసీదులు దాచుకున్నాను. ముప్పై రోజులు కాదు, మూడు నెలలు పట్టింది కానీ, ఏప్రిల్‌లో బిల్డరు మనుషులు వచ్చి గొట్టం చుట్టూ తవ్వి, గ్రౌటు నింపి, పైన వాటర్‌ప్రూఫింగ్ చేశారు. ఆ తరువాత రెండు వానాకాలాలు గడిచినా ఆ మూల పొడిగానే ఉంది. బీరువాకు, రంగులకు అయిన ఖర్చు ఇప్పించమన్న నా అభ్యర్థనకు మాత్రం ఇద్దరిలో ఎవరూ జవాబు ఇవ్వలేదు.

ఇప్పుడు స్నానాలగది పక్కన, డక్టు వైపు గోడకు కొత్తగా చెమ్మ కనిపిస్తోంది. డక్టులోని గొట్టాలు ఉమ్మడివి, బిల్డరు గడువు తీరిపోయింది, కాబట్టి ఈ మరమ్మతు అసోసియేషన్ నిధి నుంచే జరగాలి. ఈసారి వాట్సాప్‌లో చెప్పి ఊరుకోకుండా కార్యాలయంలో ఉత్తరం ఇచ్చి, నా ప్రతి మీద ముద్ర, సంతకం, తేదీ వేయించుకున్నాను. నెల దాటింది, జవాబు రాలేదు. రెండో ఉత్తరం సిద్ధం చేశాను.